చంద్రకాంత నవలయు టెలివిజను ధారావాహికయు

అద్భుతకథలు, అపరాధపరిశోధక నవలలు చదువుట కాలహరణమని మన పెద్దలు తలచుచుండిరి. సాహిత్యచరిత్రకారులు అట్టి గ్రంథములకు గుమ్మమువద్ద చోటిచ్చిరేగాని లోపలికి రానీయలేదు. అయినను ఆ కథలే టెలివిజనుపై కెక్కినప్పుడు ఇంటిల్లిపాదియు చుట్టు చేరి చూచుచున్నారు. పుస్తకమును చూచి మొగము చిట్లించినవారే బొమ్మను చూచి మెచ్చుకొనుచున్నారు. ఈ వైపరీత్యమును గూర్చి కొంత విచారించుట యుక్తమని మాకు తోచినది. అందులకు దేవకీనందన ఖత్రీగారు హిందీలో వ్రాసిన చంద్రకాంత కంటె తగిన దృష్టాంతము మాకు కనబడలేదు. ఆ నవల 1888లో వెలువడెను. 1994లో దూరదర్శన్ దానిని ధారావాహికగా ప్రసారము చేసెను. 2017లో ప్రైవేటు చానలులు తలకొక తీరుగ మరల దానిని చూపెను. మా యభిప్రాయమును దాచక ముందే చెప్పుదుము: వీనిలో మిక్కిలి నవీనమైనది 1888 నాటిది.

ఖత్రీగారు 1861లో నేటి బీహారు రాష్ట్రమునందలి పూసా గ్రామమున జన్మించిరి. బాల్యమున వారికబ్బినది ఉరుదూ, పారసీక విద్య. హిందీ సంస్కృతములు పిమ్మట నేర్చినవి. కాశికి చేరిన పిదప మహారాజుగారి ప్రాపున చకియా, నౌగఢ్ అడవుల గుత్త వారికి లభించెను. కలప లెక్కలు చూచుకొనుచు ఆ కొండలలో తిరుగు గుత్తదారునకు పాడువడిన కోటలు, పూడిపోయిన సొరంగములు, రావిమొక్కలు మొలచిన బురుజులు కంటబడెను. గుత్త చేజాఱిన తరువాత ఆ శిథిలములే వారికి మూలధనమైనవి. కథలోని నౌగఢ్, విజయగఢ్, చునార్ మూడును కల్పితస్థలములు కావు. ఉత్తరప్రదేశపు ఆగ్నేయభాగమున, వింధ్యపర్వతముల యంచున, నేటికిని ఉన్నవి.

నౌగఢ్ రాకుమారుడు వీరేంద్రసింహుడు విజయగఢ్ రాకుమారి చంద్రకాంతను వలచును. మంత్రికుమారుడు క్రూరసింహుడు ఆమెను కోరి, అది సిద్ధింపకపోగా చునార్ రాజు శివదత్తుని పంచ జేరును. కథ యింతే. ఇంత కథను మన పల్లెలలో ఏ యవ్వయైనను అల్లి చెప్పగలదు. పుస్తకమునకు ప్రాణము కథలో లేదు. ఐయారులలోను తిలిస్మములోను ఉన్నది.

ఐయారనగా వేగులవాడు, బహురూపి, గారడీవాడు మువ్వురును ఒక్కడైనవాడు. వాని భుజమున నొక సంచి వ్రేలాడుచుండును. అందులో గోడలెక్కుటకు త్రాటినిచ్చెనయు, స్మృతి తప్పించు పొడియు, స్మృతి తెప్పించుటకు వాసన చూపు మందును, వేషము మార్చుకొనుటకు రంగులును ఉండును. వానికొక కులధర్మమును కలదు. రాజులు శత్రుపక్షపు ఐయారు చిక్కినచో చెఱలో నుంచెదరుగాని చంపరు. మన దూతకు గల యవధ్యత్వమువంటిదే యిది. వీరేంద్రుని ఐయారు తేజసింహుడు. చంద్రకాంత చెలికత్తెయగు చపల ఆడ ఐయారు. పురుషులతో సమముగ వేషము వేయును, త్రాడు విసరును, పొడి చల్లును, చెఱ తప్పించుకొనును. ఆమె విద్యను గ్రంథకర్త ఎక్కడను ఎగతాళి చేయలేదు, స్త్రీకి ఇది తగదనలేదు. ఆ కాలమున సంఘసంస్కారమును గూర్చి పుటలకొలది వ్రాసినవారి నవలలలో స్త్రీ చదువుకొనుటయే గొప్ప. ఇచ్చట చెలికత్తె ఒక వృత్తిలో ఆరితేరి, రాజ్యకార్యములలో పాల్గొనుచున్నది. ఇది గ్రంథకర్త సంకల్పించి చేసినదో, కథ నడుపుటకు వలసివచ్చి చేసినదో మాకక్కఱలేదు. అంతఃపురములలో కూర్చుండి చంద్రకాంతను చదివిన యాడువారికి మాత్రము చపల కనబడియుండును.

ఇక తిలిస్మము. ఈ పదము దాస్తానులనుండి వచ్చినది. అమీర్ హమ్జా కథాచక్రమునకు చెందిన తిలిస్మె హోష్రుబాను లక్నోలోని నవలకిశోర్ ముద్రణాలయమువారు 1883 మొదలుకొని సంపుటములుగా వెలువరించుచుండిరి. వానిలో తిలిస్మమనగా మాంత్రికులు సృష్టించిన మాయాలోకము. అందు చెట్లు మాటాడును, నదులు నిప్పుగ ప్రవహించును, మంత్రము వేసినవాడు చచ్చినగాని మాయ విడదు. ఖత్రీగారు ఉరుదూ పారసీకములు చదివినవారగుటచే ఈ లోకము వారికి బాగుగ తెలియును. వారు పదమును గ్రహించిరి, పదార్థమును మార్చిరి. వారి తిలిస్మము మాంత్రికుడు పన్నినది కాదు, పనివాడు కట్టినది.

ఒక్క యుదాహరణము చాలును. శిథిలమైన కట్టడములో అరుగుపై నొక పెద్ద కొంగ విగ్రహముండును. చంద్రకాంత సమీపింపగానే అది నోరు తెఱచి ఆమెను మ్రింగివేయును. ఈ ఘట్టము చదివినవాడు దాస్తానుల కలవాటుపడినవాడైనచో ఇదేదియో రాక్షసమాయ యని నిశ్చయించుకొనును. కొన్ని ప్రకరణములు గడచిన తరువాత ఆ కొంగ లోపలిభాగము బయటపడును. అందున్నవి కీలులు, మరసామగ్రి. అటులనే అడవిలో వీరేంద్రునకు కనబడుచు మాయమగుచుండు వనకన్య ఎవతెయో యని చదువరి తల పగులగొట్టుకొనును. తుదకు మొగముపై నంటించుకొన్న పలుచని పొర తీసివేయగా ఆమె చంద్రకాంతయే. అందఱిని నడపించు సిద్ధనాథుడను యోగి దివ్యపురుషుడు కాడు. వేషము తీయగా తేజసింహుని తండ్రి జీతసింహుడు. నాలుగవ భాగమున ఆయన తిలిస్మమనగా నేమో కుమారునకును రాకుమారునకును విప్పి చెప్పును. అపారధనము కలిగి వారసుడు లేని రాజు, ముందెన్నడో తన వంశమున పుట్టబోవు యోగ్యునకై ఆ ధనమును భద్రపఱుపదలచి, గొప్ప శిల్పులను, వైద్యులను, కొలువు పండితులను రప్పించి కట్టించిన ఖజానాయే తిలిస్మము. లెక్క తెలిసినవానికి తలుపు తెఱచుకొనును, తెలియనివానికి తెఱచుకొనదు.

ఒక్క విషయమున మాత్రము ఖత్రీగారు ఈ లెక్కకు లొంగలేదు. పండిత జగన్నాథుడను జ్యోతిషి రమలుపాచికలు వేసి దాగినవాని జాడ చెప్పును, అది నిజమగును. తిలిస్మమును ఎవడు ఛేదించునో కట్టించిన రాజునకు ముందే తెలుపువారును జ్యోతిష్కులే. దీనికి గ్రంథమున సమాధానము లేదు. ఆ కాలపు కాశీలో జ్యోతిషమును ఎవరును అద్భుతముగ తలపకపోవుటచే సమాధానము చెప్పవలెనని గ్రంథకర్తకును తోచియుండదు. క్రూరసింహుని పక్షమున నుండు నాజిమ్, అహ్మద్ అను వారిని చిత్రించిన తీరులో మతద్వేషపు వాసనయు కొంత కలదు. దానిని మేము సమర్థింపము. ఈ రెండు దోషములను లెక్కించిన పిదపను, చూచువాడు మాయ యనుకొన్న ప్రతిదానికిని వెనుక నొక మనుష్యుని చేయి చూపవలెనను పట్టుదల ఆ పుస్తకమున నిలిచియే యున్నది.

తెలుగు చదువరులకు ఇది బాగుగ బోధపడవలసిన విషయము. చంద్రకాంతకు పదేండ్లు ముందు, 1878లో, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజశేఖరచరిత్రమును ప్రకటింపనారంభించిరి. అందు బంగారము చేసెదనని యింట చేరిన బైరాగి రాజశేఖరుని ధనమంతయు దోచుకొని పోవును. దయ్యములు పట్టుట, భూతవైద్యము మున్నగు వానిలోని మోసమును పంతులుగారు దీపము పెట్టి చూపిరి. వారి మార్గము ఋజువైనది. మూఢవిశ్వాసమును శత్రువుగ నిలిపి కొట్టుట. ఖత్రీగారికి సంఘసంస్కారమను ధ్యేయము లేదు. పాఠకుని కుతూహలము పెంచుటకే వ్రాసితిననియు, ఇందలి సత్యాసత్యములను పరీక్షింపుడని వ్రాయలేదనియు వారే చెప్పుకొనిరి. కాని కుతూహలము పెంచినవాడు తుదకు దానిని తీర్పవలెను గదా. ఆ తీర్చుటలో వారు దయ్యమును పిలువలేదు. సంస్కర్త ఉపన్యాసముచే సాధించినదానిలో కొంత భాగమును ఈ గుత్తదారు కథ నడుపు నియమముచేతనే సాధించెను. మన కాశీమజిలీకథలను మధిర సుబ్బన్నదీక్షితులుగారు ఎంత మనోహరముగ వ్రాసిరో మేమెఱుగనివారము కాము. అయినను వానిలో మాయకు మాయయే సమాధానము. ఆ కథల నీడలో పుట్టిన పాతాళభైరవి చలనచిత్రము 1951లో వచ్చినప్పుడును అంతే. దానిని మేమును ఆనందముతోనే చూచితిమి. అది వేఱు సంప్రదాయము; దానికి ఖత్రీగారి నియమము వర్తింపదు.

పండితులు చంద్రకాంతను మెచ్చలేదు. ఆచార్య రామచంద్ర శుక్లగారు 1929లో ప్రకటించిన హిందీసాహిత్యచరిత్రలో, ఇందు ఘటనావైచిత్ర్యమే గాని రసము, పాత్రపోషణము లేవు కనుక సాహిత్యకోటిలో చేర్పరాదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు కఠినమే యైనను అన్యాయము కాదు. అయితే శుక్లగారే మఱియొక మాటయు వ్రాసిరి. హిందీకి ఇందఱు పాఠకులను పుట్టించిన గ్రంథకర్త మఱియొకడు లేడనియు, చంద్రకాంతను చదువుటకే ఉరుదూ మాత్రము తెలిసినవారు అనేకులు హిందీ నేర్చిరనియు వారి సాక్ష్యము. ఆ దినములలో నాగరిలిపి యొక్క స్థితి యెట్టిదో తలచుకొన్నగాని ఈ మాట బరువు తెలియదు. కాశీలో నాగరీప్రచారిణీసభ 1893లో పుట్టినది. పశ్చిమోత్తరపరగణాలలో న్యాయస్థానములకు నాగరిలిపి ప్రవేశించుటకు 1900లో గాని ఉత్తరువు రాలేదు. సభలు, మహజరులు, ఉత్తరువులు ఒక ప్రక్క పనిచేయుచుండ, రెండవ ప్రక్క ఒక కొంగబొమ్మ లోపల ఏమున్నదో తెలిసికొనవలెనను ఆరాటము దుకాణదారును, గుమాస్తాను, ఇంటి కోడలిని అక్షరములముందు కూర్చుండబెట్టినది. ఖత్రీగారి భాషయు అందుకు తోడ్పడినది. వాడుకలోని ఉరుదూమాటలను తఱుమక, క్రమక్రమముగ హిందీమాటలను చొప్పించుచు వారు వ్రాసిరి. భాషాప్రచారము చేయువారు ఈ ఉపాయమును నేర్చుకొనియుండిన బాగుండెడిది.

ఇట్టి పుస్తకము 1994 మార్చిలో టెలివిజనుపై కెక్కినది. నీర్జా గులేరీగారు నిర్మించి దర్శకత్వము వహించిరి. శిఖా స్వరూప్ చంద్రకాంతగను, షాబాజ్ ఖాన్ వీరేంద్రుడుగను, పంకజ్ ధీర్ శివదత్తుడుగను నటించిరి. క్రూరసింహుడుగ అఖిలేంద్ర మిశ్రా తన పెద్ద కనుబొమలతోను, మాటిమాటికి పలుకు ‘యక్కు’ అను ఊతపదముతోను దేశమంతట పేరు పొందెను. హిందీ యొక్క ముక్కయు రాని తెలుగు బిడ్డలు గూడ ఆ పలుకును అనుకరించుట మేమెఱుగుదుము. అప్పటికి మేము పాఠశాలలో చదువుచుంటిమి. మా వీథిలో హిందీ పరీక్షలకు పోవుచుండిన పిన్నిగారొకరు ముఖ్యమైన మాటల యర్థము చెప్పుచుండగా తక్కినవారము బొమ్మనుబట్టి గ్రహించుచుంటిమి. ఆ ధారావాహిక వినోదముగ నుండలేదనుట అబద్ధము. నగలు, గుఱ్ఱములు, ఆర్భాటము, సంగీతము అన్నియు నిండుగ నుండెను.

కాని తిలిస్మము మరల దాస్తానులకు పోయినది. నవలలో లేని మాయావులు వచ్చిరి. మంత్రశక్తులు వచ్చెను. ఐయారు సంచిలోని పొడియు త్రాడును వెనుకబడి, చేతిసైగచే మెఱుపులు పుట్టించువారు ముందునకు వచ్చిరి. కథను సాగదీయుటకు పాత్రలు పెరిగెను. శివదత్తుని ఐయారు బదరీనాథునిగ నటించిన ఇర్ఫాన్ ఖాన్‌గారికి, ఆ పాత్ర చచ్చిన తరువాత, నవలలో లేని సోమనాథుడను కవలసోదరుని వేషము నిచ్చి మరల తెచ్చిరి. ఇర్ఫాన్‌గారి నటనను మేము ఆక్షేపింపము. ఆయన రెండుసార్లు కనబడుట మాకును లాభమే. ఆక్షేపణ వేఱు. చచ్చినవాడు కవలగ మరలి రాగల కథలో చదువరికి, లేక ప్రేక్షకునకు, లెక్క వేయు పని యుండదు. కొంగ నోరు తెఱచిన, అది మాయ. తలుపు మూసికొన్న, అది మాయ. ఎందుచేత అని అడుగువాడు వెఱ్ఱివాడగును.

ఈ నష్టము చిన్నది కాదనుటకు మా తరగతిగదియే సాక్ష్యము. ఫోనులలో ఆ పాత ప్రసారములను చూచు పిల్లలు కొందఱు మా యొద్దకు వత్తురు. అసలు పుస్తకమున మంత్రము లేదనియు, అన్నియు కీలులును మందులును వేషములును అనియు మేము చెప్పినప్పుడు మొదట వారి మొగములు వాడిపోవును. మంత్రము లేకున్న కథ యేమున్నదని ఒక బాలిక ప్రశ్నించినది. అటులైన ఆ కొంగ బరువెంత యుండవలెను, మనుష్యుని మ్రింగవలెనన్న గొంతు వెడల్పెంత యుండవలెనని ప్రక్కనున్న బాలుడు అడిగినాడు. తరువాత ఆ పిల్లలు నల్లబల్లపై కొంగ లోపలిభాగమును గీయుటలో విరామసమయమంతయు గడిపిరి. మంత్రమైనచో గీయుటకేమియు నుండదు.

ఇది టెలివిజను స్వభావమే గాని యెవరి దోషమును కాదని కొందఱందురు. మేమొప్పము. చంద్రకాంతకు ఒక సంవత్సరము ముందే, 1993లో, అదే దూరదర్శన్‌పై బాసు చటర్జీగారు దర్శకత్వము వహించిన వ్యోమకేశ బక్షి ప్రసారమైనది. మూలము వంగభాషలో శరదిందు బంద్యోపాధ్యాయగారు 1932 మొదలుకొని వ్రాసిన అపరాధపరిశోధక కథలు. ఆ వ్యోమకేశుడు తన్ను డిటెక్టివు అనుటకు సహింపడు, సత్యాన్వేషి యని చెప్పుకొనును. పథేర్ కాంటా యను కథలో కలకత్తా వీథులలో నడచిపోవు మనుష్యులు హఠాత్తుగ కూలి చచ్చుచుందురు. గాయము చిన్న చుక్కంత. తుపాకి మ్రోత లేదు, చంపినవాడు కనబడడు. నగరము భయపడును. తుదకు తేలినదేమనగా, గ్రామఫోను ముల్లును సైకిలుగంటలో నమర్చి ప్రయోగించు నొక హంతకుడు. (కథ చదువనివారు మమ్ము మన్నింతురు గాక, ముల్లు సంగతి చెప్పక ఈ వాదము సాగదు.) ఇది ఖత్రీగారి కొంగకు మనుమడు. చటర్జీగారు దానిని ఉన్నదున్నట్లు చూపిరి. వ్యోమకేశుడుగ రజిత్ కపూర్, మిత్రుడు అజితుడుగ కె. కె. రైనా ఒక గదిలో కూర్చుండి, తేనీరు త్రాగుచు, ఒకరి ననుమానించుచు, మఱియొకరిని విడిచిపెట్టుచు మాటాడుకొందురు. మెఱుపులు లేవు, ఆర్భాటము లేదు. జనము చూడలేదా? చూచిరి. 1997లో రెండవ విడత తీయవలసి వచ్చెను. 2020లో జనమంతయు ఇండ్లలో మూతపడియున్నప్పుడు దూరదర్శన్ ఆ పాత ధారావాహికను మరల ప్రసారము చేసెను.

కావున బొమ్మకు ఆలోచన పొసగదనుట నిలువదు. భేదము కథను కొలిచిన కొలతలో నున్నది. చటర్జీగారు ఒక్కొక్క కథను ఒకటి రెండు భాగములలో ముగించిరి; ముగియవలసిన కథలో విప్పవలసిన ముడి ముందే తెలియును. నాలుగు భాగముల నవలను సంవత్సరములకొలది నడుపదలచినప్పుడు ముడి విప్పుట నష్టము, క్రొత్త ముడి వేయుట లాభము. ముడి విప్పనక్కఱలేని సామగ్రి ఒక్కటే కలదు, అది మంత్రము. మా వాదమునకు 2017 నాటి ధారావాహికలలో నొకటి మఱింత తోడ్పడినది. దాని నామమే మాయావి ప్రేమగాథ యని పెట్టిరి. కనీసము వారు దాచలేదు. మన తెలుగు వారపత్రికలలోను ఒకప్పుడు క్షుద్రపూజల నవలలు ధారావాహికలుగా వచ్చి అమ్ముడుపోయినప్పుడు వాని వెనుక పనిచేసినది ఈ వ్యాపారసూత్రమే యని మా యనుమానము.

ఖత్రీగారికి మాత్రము సాగదీయుట తెలియదా? బాగుగ తెలియును. చంద్రకాంత ముగిసిన తరువాత 1894 మొదలుకొని సుమారు పదేండ్లు చంద్రకాంతాసంతతి యను పేర 24 భాగములు వ్రాసిరి. 1898లో కాశీలో లహరీ ముద్రణాలయమును స్వయముగ స్థాపించుకొనిరి. భాగము వెంట భాగమును అమ్ముకొన్నవారే. సంతతిలో తిలిస్మీ చుఱకత్తి యొకటి వచ్చును. దాని యలుగు తాకినవాడు పిడుగు తగిలినట్లు వణకి పడిపోవును. పట్టుకొన్నవాడు దానికి జతయైన ఉంగరము ధరింపవలెను. లేనిచో వాడును పడును. ఉంగరము లేక కత్తి పనిచేయదను నియమము ఒక్కటి చాలును, అది మంత్రము కాదనుటకు.

సంతతి కడపటి భాగములు చదువుట శ్రమ. కథ నడక నిలిచిపోయి, భరతసింహుడు, దలీపశాహ్ మున్నగువారు ఒకరి తరువాత నొకరు సభలో కూర్చుండి, మునుపు జరిగినదంతయు ఎట్లు జరిగెనో, ఏ తలుపు ఎవరు తీసిరో, ఏ వేషమున ఎవరుండిరో చెప్పుకొనుచు పోవుదురు. పుటలకు పుటలు ఇంతియే. మేము రెండుసార్లు మధ్యలో విడిచి మూడవసారి పూర్తిచేసితిమి. చిక్కు వేయునప్పుడు చూపిన నేర్పులో నాల్గవవంతైనను విప్పునప్పుడు కనబడదు. అయినను ఆయన విప్పుచునే యుండెను. పదేండ్ల క్రిందట ఎప్పుడో మొదటి భాగము కొన్న గుమాస్తాకు ఇంకను ఋణపడియున్నట్లే వ్రాసెను. ఆ సంతతిలో అందఱిని మోసగించుచు, తాను పశ్చాత్తాపపడుచు తిరిగిన భూతనాథుడను ఐయారు చరిత్ర మాత్రము మిగిలిపోయెను. దానిని వేఱు నవలగ ఆరంభించి, ఆరు భాగములు వ్రాసి, ఖత్రీగారు 1913లో గతించిరి. తక్కిన భాగములను కుమారుడు దుర్గాప్రసాద్ ఖత్రీగారు వ్రాసి ముగించిరి.